కలుజు చేప, ఎల్క్ క్రీక్ చేప

అమెరికా నుంచి వచ్చి మూడు వారాలైంది. కనిపించిన ప్రతి ఒక్కరూ నయాగరా చూశావా అని అడుగుతున్నారు. చూశాను, బాగుంది. కానీ రాత్రి కళ్ళు మూసుకుంటే నాకు గుర్తొచ్చేది అది కాదు. ఆ జలపాతంలో దూకే నీళ్ళు ఏ సరస్సు నుంచి వస్తాయో ఆ ఈరీ సరస్సులోకి, దక్షిణపు ఒడ్డున చిన్న చిన్న వాగులు చాలా వచ్చి కలుస్తాయి. వాటిలో ఒక వాగులో, మోకాలి లోతు చల్లటి నీళ్ళలో నిలబడి, స్టీల్‌హెడ్ అనే చేప కోసం ఒక పగలంతా గడిపాను. అది రాయకపోతే నాకు తోచడం లేదు.

మాది పెన్నకు ఉత్తరం గట్టున, బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక పల్లె. నా పని రొయ్యల గుంటల మీద. నీళ్ళలో ఉప్పెంత, ఆక్సిజన్ ఎంత, పీహెచ్ ఎంత అని పొద్దున్నా సాయంత్రం కొలిచి రాసుకునే పని. అయితే నాకు నీళ్ళంటే ఏందో నేర్పింది ఆ మీటర్లు కాదు, మా చిన్నాయన. ఆయన బడికి సరిగా పోలేదు. కానీ జొన్నవాడ నుంచి సంగం దాకా పెన్నలో ఏ మడుగులో ఏ కాలంలో ఏ చేప ఉంటుందో ఆయనకు తెలుసు. ఒడ్డున కూర్చుని బీడీ కాల్చుకుంటూ ఐదు నిమిషాలు నీళ్ళకేసి చూసి, "అదిగో ఆ నల్లగా ఉన్న చోట వెయ్యి" అంటారు. నేను నాకు తోచిన చోట వేసి గంట కూర్చుంటా, ఏమీ పడదు. ఆయన చెప్పిన చోట వేస్తే బెండు మునుగుతుంది. ఎందుకు అక్కడే అని అడిగితే ఆయన చెప్పలేరు. "ఉంటాయిరా అబ్బయా, అంతే" అంటారు.

కార్తీక మాసం వానలకు మా ఊరి చెరువు నిండి, మిగులు నీళ్ళు పొర్లిపోయే కలుజు పారే రోజు ఊళ్ళో పిల్లాడెవడూ ఇంట్లో ఉండడు. కలుజు మీద నుంచి దూకే నీళ్ళకు ఎదురు చేపలు ఎక్కుతాయి. పరిగెలు, జెల్లలు, ఒక్కోసారి చేతి పొడుగు కొర్రమీను. రాళ్ళకు కొట్టుకుని కింద పడి మళ్ళీ ఎగురుతాయి. చిన్నప్పుడు ఆ చేపలను దోమతెరలతోనూ పాత పంచెలతోనూ పట్టేవాళ్ళం. కడుపు నిండా గుడ్లున్న చేప దొరికితే పండగే. నీళ్ళకు ఎదురెక్కే చేపను చూస్తే ఒళ్ళు జలదరించడం నాకు అప్పటి నుంచే ఉంది. అందుకే మా బావ ఫోన్‌లో "ఇక్కడ కూడా చేపలు వాగుల్లోకి ఎదురెక్కుతాయి, అక్టోబరులో వస్తే చూపిస్తా" అన్నప్పుడు ఇక ఆగలేకపోయాను.

అక్కావాళ్ళు ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ పక్కన ఉంటారు. నేను వెళ్ళేసరికే బావ ఒక గైడ్‌ను మాట్లాడి పెట్టారు. ఇద్దరికీ కలిపి ఒక పగలుకు 400 డాలర్ల పైనే. నాకు గుండె ఆగినంత పనైంది. వద్దు బావా, ఒక కర్ర కొనుక్కుని మనమే వెళ్దాం అన్నాను. "చేపలంటే నీకెంత పిచ్చో మీ అక్క పెళ్ళైన రోజు నుంచి చెప్తూనే ఉంది, ఈ ఒక్కసారికి ఊరుకో" అన్నారు. ఊరుకున్నాను.

స్టీల్‌హెడ్ అంటే ఏందో మనవాళ్ళకు తేలిగ్గా చెప్పాలంటే పులసను గుర్తు చేసుకోవాలి. సముద్రంలో తిరిగే విలస ఎర్రనీళ్ళ కాలంలో గోదావరికి ఎదురెక్కి పులస అయినట్టు, ఇది కూడా పెద్దనీళ్ళలో పెరిగి గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి వస్తుంది. నిజానికి ఇది రెయిన్‌బో ట్రౌట్ జాతే. వాగులోనే ఉండిపోతే ట్రౌట్, పెద్దనీళ్ళకు పోయి వెండిలాగా మెరుస్తూ తిరిగొస్తే స్టీల్‌హెడ్. దీని అసలు ఊరు పసిఫిక్ తీరం. అమెరికా మధ్యలో ఉన్న ఈ మంచినీటి సరస్సుల్లోకి 1800ల చివర్లో తెచ్చి వదిలారు. అవి ఈ సరస్సునే సముద్రమనుకున్నాయి. ఇంకో మాట, పసిఫిక్ సాల్మన్‌లాగా ఇది గుడ్లు పెట్టగానే చచ్చిపోదు. మళ్ళీ సరస్సుకు పోయి ఇంకో ఏడు రాగలదు. ఈ మాట తర్వాత నాకు చాలా పనికొచ్చింది.

ఒహాయో, పెన్సిల్వేనియా, న్యూయార్క్ రాష్ట్రాల్లో ఈ ఒడ్డు వాగులన్నిటినీ కలిపి స్టీల్‌హెడ్ ఆలీ అంటారు. సెప్టెంబరు చివర్లో మొదలై ఏప్రిల్ దాకా చేపలు వస్తూనే ఉంటాయి. శరదృతువులో వచ్చినవి చలికాలమంతా వాగు మడుగుల్లోనే గడిపి ఎండాకాలానికి ముందు గుడ్లు పెడతాయి. ఈ చేపల్లో చాలా భాగం హేచరీ పిల్లలే. పెన్సిల్వేనియా ఒక్కటే ఏడాదికి సుమారు 10 లక్షల పిల్లలను వదులుతుంది. ఒహాయో 4 లక్షలకు పైగా, కాస్టేలియా అనే ఊళ్ళోని ప్రభుత్వ హేచరీలో పెంచి వదులుతుంది. హేచరీ అనేసరికి నాకు మన రొయ్య సీడ్ గుర్తొచ్చింది. కానీ ఇక్కడ ఒక తేడా ఉంది. మన సీడ్ గుంటలోకి పోతుంది, మనమే పట్టుకుంటాం. వాళ్ళు జానెడు పిల్లలను వాగులో వదిలేస్తారు, అవి సరస్సుకు పోయి రెండు మూడేళ్ళు తిని పెరిగి అదే వాగుకు వాటంతట అవే తిరిగొస్తాయి.

ఎలా తిరిగొస్తాయి అంటే, వాసన పట్టి. నాకు నమ్మబుద్ధి కాలేదు, ఇంటికొచ్చాక కూర్చుని చదివాను. విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఆర్థర్ హాస్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన శిష్యులు 1970లలో మిషిగన్ సరస్సు దగ్గర పరీక్ష చేశారు. కోహో సాల్మన్ పిల్లలను మార్ఫోలిన్ అనే రసాయనం వాసన కలిపిన నీళ్ళలో పెంచి సరస్సులో వదిలారు. అవి పెద్దవై తిరిగొచ్చే కాలానికి ఒక వాగులో అదే వాసన కొంచెం కొంచెంగా కలిపారు. అవి వెతుక్కుంటూ ఆ వాగులోకే వచ్చాయి. అంటే పిల్లప్పుడు ముక్కుకు తగిలిన నీళ్ళ వాసన వాటికి జీవితాంతం ఉండిపోతుంది. వాన మొదటి చినుకులకు మా ఊరి చెరువు కట్ట మీద లేచే వాసన నాకు ఎక్కడున్నా గుర్తొస్తుంది కాబట్టి, చదివిన తర్వాత నమ్మడానికి పెద్దగా కష్టం కాలేదు.

వెళ్ళాల్సింది షగ్రిన్ అనే నదికి, అక్కావాళ్ళింటికి దగ్గర. ముందు రోజంతా వాన. రాత్రి పదింటికి గైడ్ ఫోన్ చేసి, షగ్రిన్ పాడైపోయింది, వెయ్యి దాటింది, రేపు పెన్సిల్వేనియా పోదాం అన్నారు. వెయ్యి ఏందని అడిగితే సెకనుకు ఘనపుటడుగులు. అంటే మన క్యూసెక్కులే! అక్కడ చాలా నదులకు ప్రభుత్వం కొలత మీటరు పెట్టి లెక్క ఇంటర్నెట్‌లో పెడుతుంది, చేపలు పట్టేవాళ్ళు లేవగానే చూసేది అదే. మనం సోమశిల నుంచి ఎన్ని వేల క్యూసెక్కులు వదిలారో టీవీలో చూసి భయపడతాం. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల మీదికి నీళ్ళొచ్చిన రోజుల్లో మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు, ఆ అంకెలే రాత్రంతా వినేవాళ్ళం. అదే కొలత పెట్టి, ఈ నీళ్ళలో చేప ఎర చూడగలదా లేదా అని వాళ్ళు లెక్క కడుతుంటే నాకు ఏదోలా అనిపించింది.

పెద్ద నది తేటబడడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. పెన్సిల్వేనియా వాగులు అలా కాదు. వాన పడితే గంటల్లో పొంగుతాయి, ఒకటి రెండు రోజుల్లో తగ్గి తేటబడతాయి. కారణం వాగు అడుగే. మేం వెళ్ళిన వాగు ఎల్క్ క్రీక్‌లో దిగగానే చూశాను, అడుగంతా బూడిదరంగు షేల్ రాయి, మార్కాపురం పలకలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు పొరలు పొరలుగా ఉంది. ఇసుక లేదు, బురద తక్కువ, నీళ్ళు ఇంకవు, జారిపోతాయి. గుడ్లు పెట్టుకోవడానికి కావలసిన గులకరాళ్ళు తక్కువ, ఎండాకాలంలో నీళ్ళు సన్నగిల్లి వేడెక్కుతాయి, అందుకే ఇక్కడ సొంతంగా పుట్టే పిల్లలు బాగా తక్కువ. హేచరీ లేకపోతే ఈ సంబరమే లేదు.

పొద్దున ఐదుకు బయలుదేరి ఏడు లోపు చేరాం. పెన్సిల్వేనియాకు వేరే లైసెన్స్ కావాలి, దారిలోనే ఫోన్‌లో కొన్నారు బావ. గైడ్‌కు అరవై దాటుంటాయి, తక్కువ మాట్లాడే మనిషి. ఛాతీ దాకా వచ్చే నీళ్ళు చొరని ప్యాంట్లు, కింద ఇనుప మేకులున్న బూట్లు ఇచ్చారు. ఆ పలకరాయి మీద పాచికి అవి లేకుండా రెండడుగులు వెయ్యలేం. ఇంకా చీకటిగానే ఉంది. ఊపిరి పొగలాగా వస్తోంది. నీళ్ళు 8 డిగ్రీలు అని థర్మామీటర్ తీసి చూపించారు, మంచిదే అన్నారు. ఇంకా చల్లబడితే చేపకు బద్ధకం వస్తుంది, ఎర ముక్కు ముందుకు వచ్చినా కదలదట.

వాగు పక్కకు వచ్చాం కదా, ఇక గాలం వేద్దాం అని నా ఆత్రం. ఆయన వెయ్యనివ్వలేదు. పది నిమిషాలు ఒడ్డున నిలబెట్టి నీళ్ళు చూడమన్నారు. ఇది చదివేవాళ్ళకు ఎలా చెప్పాలో తెలియడం లేదు, నేను ఎనిమిది వేల మైళ్ళకు పైగా దాటి పోయి మళ్ళీ మా చిన్నాయన పక్కన నిలబడ్డట్టైంది. ఒక్క తేడా, ఈయన కారణం కూడా చెప్పారు. వేగంగా పోయే నీళ్ళు, నిదానంగా పోయే నీళ్ళు పక్కపక్కన కలిసే చోట ఒక గీత కనపడుతుంది, ఆ గీతకు నిదానం వైపు చేప ఉంటుంది, ఎందుకంటే అక్కడ కష్టపడకుండా నిలబడొచ్చు, తిండి మాత్రం వేగం నీళ్ళలో కొట్టుకొస్తుంటే మూతి చాపి అందుకోవచ్చు. పలకరాయి విరిగి మెట్టులా దిగిన చోట కింద లోతు ఉంటుంది, నీళ్ళు ఆకుపచ్చగా కనపడతాయి, అక్కడ ఉంటాయి. పెద్ద బండ వెనక ఉంటాయి, బండ ముందు కూడా నీళ్ళు వెనక్కి కొట్టే చోట ఒకటి ఉంటుంది. మడుగు అయిపోయి నీళ్ళు పలచబడే చివర, ఇప్పుడే ఎక్కొచ్చి అలసిపోయిన చేప ఆగుతుంది. ఇవన్నీ ఒక్కొక్కటే వేలితో చూపించారు. చిన్నాయన "నల్లగా ఉన్న చోట" అన్నది ఏందో నలభై ఏళ్ళ తర్వాత నాకు ఆ వాగులో అర్థమైంది.

తర్వాత ఆయన తన నల్లద్దాలు తీసి నాకిచ్చారు. పోలరైజ్డ్ అద్దాలు, నీళ్ళ పైన మెరుపును కోసేస్తాయి. అప్పటిదాకా నాకు కనపడింది ఆకాశం నీడ. పెట్టుకోగానే అడుగు కనపడింది. ఆ అడుగు మీద, ఆయన చెప్పిన గీత పక్కనే, బూడిదరంగు నీడలు నాలుగు, ముక్కులు ఎగువకు పెట్టి, తోకలు మెల్లగా ఊపుకుంటూ. నా చేతులు వణికాయి. చలికి కాదు.

పట్టే పద్ధతి పెద్ద మార్మికమేమీ కాదు. పది అడుగుల సన్నటి రాడ్, చిన్న బెండు, కింద బియ్యపుగింజంత సీసం గుళ్ళు నాలుగైదు, కంటికి ఆనని సన్న దారం, చిన్న కొక్కెం. ఎర చేప గుడ్లే. గుడ్లను చిన్న వల గుడ్డలో మూటకట్టి వేలిగోరంత చేస్తారు. కష్టమంతా ఎర పోయే తీరులో ఉంది. నీళ్ళలో ఊడిపోయిన గుడ్డు ఎలా కొట్టుకుపోతుందో అలాగే, అడుగుకు కొంచెం పైన, నీళ్ళ వేగంతోనే పోవాలి. దారం బిగిసి ఎర పక్కకు లాగినా చేప నమ్మదు. పైగా రాలిన ఆకులు, ఎర్రవి పసుపువి, వాగంతా తేలుతూ ఉన్నాయి, ప్రతి మూడో సారి కొక్కేనికి ఒక ఆకు తగులుకుంటుంది. చూడ్డానికి ఎంత అందమో పనికి అంత అడ్డం.

తొమ్మిదిన్నరకు బెండు మునిగింది. నేను కొర్రమీనుకు లాగినట్టు పైకి గుంజాను. చేప ఒక్కసారి గాల్లోకి లేచింది, వెండి పలకలాగా, నీళ్ళు చిమ్మింది, దారం టప్పున తెగింది. అంతా కలిపి మూడు సెకన్లు. బావ అయ్యో అన్నారు. గైడ్ ఏమీ అనలేదు, కొత్త కొక్కెం కడుతూ, పైకి కాదు, రాడ్‌ను దిగువకు పక్కగా తియ్యి, పరిగెత్తితే పరిగెత్తనివ్వు, దారం చుట్టే రీలు మీద చెయ్యి పెట్టొద్దు, ఎగిరితే రాడ్ దించు అన్నారు. ఆ నాలుగు మాటలే. మా గాలపు కర్రకు రీలు లేదు, పడితే గుంజడమే తెలుసు. చేపను పోనిచ్చి పట్టుకోవడం నేను కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

బావకు రెండు పడ్డాయి. నాకు మధ్యాహ్నం దాకా ఏమీ లేదు, అయినా విసుగు రాలేదు, నిజంగా చెప్తున్నా. ఒంటిగంట దాటాక మెట్టు కింద ఆకుపచ్చ మడుగులో బెండు మునగలేదు, ఊరికే ఆగింది, నీళ్ళు పోతున్నా అది పోవడం లేదు. పక్కకు తీశాను. బరువు తగిలింది. ఆ తర్వాత పది నిమిషాలు ఎలా గడిచాయో చెప్పలేను. రెండుసార్లు దిగువకు పరిగెత్తింది, గైడ్ నా మోచెయ్యి పట్టుకుని ఆ జారుడు రాళ్ళ మీద నడిపించారు, మూడుసార్లు ఎగిరింది, ఎగిరిన ప్రతిసారీ రాడ్ దించాను. చివరికి వల బుట్టలోకి వచ్చింది. 65 సెంటీమీటర్లు ఉంది. సరస్సు నుంచి వచ్చి ఒకటి రెండు రోజులే అయ్యుంటుందన్నారు, ఇంకా వెండిరంగు పోలేదు, పక్కల గులాబీ చార ఇప్పుడిప్పుడే తేలుతోంది. వాగులో ఉండేకొద్దీ నల్లబడి ఆ చార ఎర్రబడుతుందట.

ఆడ చేప. కడుపు చూడగానే నాకు తెలిసింది. మా ఊళ్ళో అయితే ఇంకో ఆలోచన లేదు. ఉంచుకోవడానికి అక్కడ చట్టం కూడా ఒప్పుకుంటుంది, రోజుకు కొన్ని అని లెక్క ఉంది. ఇంట్లో అక్క చింతపండు నానబెట్టి, ఫ్రీజర్‌లో దాచిన మామిడికాయ ముక్కలు తీసి పెట్టింది, నెల్లూరు చేపల పులుసు పెడదామని. గైడ్ నా ముఖం చూసి, నీ ఇష్టం అన్నారు. నేను చేతులు నీళ్ళలో తడుపుకున్నాను, పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటి మీద జిగురు పోయి పుండు పడుతుందని పొద్దున్నే చెప్పారు. తోక దగ్గర ఒక చెయ్యి, కడుపు కింద ఒక చెయ్యి పెట్టి, ముక్కు ఎగువకు తిప్పి నీళ్ళలోనే నిలబెట్టాను. మొప్పలు ఆడుతున్నాయి. అర నిమిషం నా చేతుల్లో కూర్చున్నట్టు ఉంది. తర్వాత తోక ఒక్కటి కొట్టి పోయింది. ఇది ఇంకో ఏడు కూడా వస్తుంది కదా అనుకున్నాను, ఆ మాటే నన్ను నిలబెట్టింది.

రాత్రి అక్క "ఒక్కటన్నా తేలేదా" అని చాలాసేపు అడుగుతూనే ఉంది. కొట్లో తెచ్చిన చేపతో పులుసు పెట్టింది. మామిడికాయ బాగా పట్టింది, మర్నాడు పొద్దున ఇంకా బాగుంది.

ఇక్కడికి వచ్చాక నాకు ఒక విషయం లోపల కలుక్కుమంటూనే ఉంది. 400 డాలర్లు ఎందుకిచ్చాం? రాడ్‌కు కాదు, బూట్లకు కాదు. నీళ్ళు చదవడం వచ్చిన మనిషి పక్కన ఒక పగలు నిలబడినందుకు. ఆయనకు దానితోనే ఇల్లు గడుస్తుంది, అందరూ ఆయన్ను గౌరవంగా చూస్తారు. అదే చదువు మా చిన్నాయనకు ఉంది. ఆయనను ఊళ్ళో అందరూ పని లేనివాడు అన్నారు, ఏట్లో కూర్చుంటాడన్నారు. నేను కూడా చిన్నప్పుడు ఆ మాట విని ఊరుకున్నాను. అది తప్పు అని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

పోయిన ఆదివారం ఊరెళ్ళాను. నాలుగు రోజుల వానకు చెరువు నిండి కలుజు పారుతోంది. పిల్లలు దోమతెరలు పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు, ఈ కొస నుంచి ఆ కొసకు. ఒక చేప కూడా పైకి పోయే సందు లేదు. వాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాలేదు, అక్కడ నిలబడ్డ పిల్లాణ్ణి నేనే కదా. సగం వదిలేయండిరా, పైకి పోతేనే గదా వచ్చే ఏడు ఉండేది అని చెప్పాను. ఇద్దరు విన్నారు, ఆ పక్క తెర తీశారు. కాసేపటికి మళ్ళీ కట్టారు.

చిన్నాయన కట్ట మీద రావిచెట్టు కింద కూర్చుని ఉన్నారు. డెబ్బై రెండేళ్ళు, చూపు కొంచెం తగ్గింది. వచ్చే నెల నా స్నేహితులు ఇద్దరిని తీసుకొస్తా, పెన్నలో ఒక పగలు గాలం వేయిద్దువు, డబ్బులిస్తారు అన్నాను. "నీళ్ళు చూపిచ్చేదానికి డబ్బులేందిరా" అని కోప్పడ్డారు. ఎంత చెప్పినా వినలేదు. సరేనని ఆయన కోసం అక్కడి నుంచి కొని తెచ్చిన పోలరైజ్డ్ అద్దాలు జేబులో నుంచి తీసి ఆయన కళ్ళకు పెట్టాను.

ఆయన కలుజు కింద మడుగుకేసి చూశారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అద్దాలు ఒకసారి తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, వేలు చూపించి, మెల్లగా అన్నారు:

"ఆ రాయి వెనకాల ఉంటాయని చెప్పలా నేను? చూడు, మూడున్నాయి."